ఎనిమిదో తరగతి పిల్లలకు ఆర్డుయినో: మొదటి రోజు ఏం చేయించాలి?

మల్కాజిగిరి_టీచర్:
మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో వేసవి సెలవుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పన్నెండు మందికి ఎలక్ట్రానిక్స్ నేర్పుదామనుకుంటున్నాం. వారానికి రెండు రోజులు, రోజుకు రెండు గంటలు, మొత్తం నాలుగు వారాలు. ల్యాప్‌టాప్‌లు ఆరు, అంటే ఇద్దరికొకటి. ల్యాప్‌టాప్‌లో రాసిన ప్రోగ్రామ్‌ను ఎక్కించి నడిపే చిన్న బోర్డుల్లో ఆర్డుయినో ఊనో క్లోన్ (ఊనోకు నకలు బోర్డు) కొనాలా, ఈఎస్‌పీ32 కొనాలా? ముందు ప్రోగ్రామింగ్ నేర్పేసి తర్వాతే వైర్ల జోలికి వెళ్లమని ఒకరిద్దరు అంటున్నారు, నిజమేనా? సామాన్లు ఏవి ఎన్ని తేవాలి, పిల్లలు ఎక్కడ ఇరుక్కుంటారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. సోల్డరింగ్ పెట్టే ఆలోచన లేదు.

ఓమ్‌మీటర్:
టీచర్ గారూ, మొదటి రోజు బోర్డు డబ్బాలోంచే తీయకండి. ల్యాప్‌టాప్ కూడా వద్దు. నాలుగు ఏఏ సెల్స్ పట్టే హోల్డర్, బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చే రంధ్రాల పలక), ఎర్ర ఎల్‌ఈడీ, కరెంటును తగ్గించే 330 ఓమ్‌ల రెసిస్టర్, వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. ప్రోగ్రామింగ్ ముందు పెడితే వచ్చే చిక్కు ఇదీ: ఎల్‌ఈడీ వెలగకపోతే తప్పు కోడ్‌లో ఉందో వైరులో ఉందో పిల్లలకు తెలియదు. వైరు సంగతి ముందే తేలిపోతే, రెండో రోజు వెతకాల్సింది ఒక్కచోటే.

ఎల్‌ఈడీ వెలిగాక మీటరు వాళ్ల చేతికే ఇవ్వండి. సెల్స్ దగ్గర ఆరు వోల్టులు, ఎల్‌ఈడీ మీద దాదాపు రెండు, రెసిస్టర్ మీద మిగతా నాలుగు కనిపిస్తాయి. రెండూ కూడితే మళ్లీ ఆరే. ఇప్పుడు 330 తీసి 1 కిలో ఓమ్ పెట్టించండి. వెలుగు బాగా తగ్గుతుంది. మీటరు పెట్టేముందు ఎల్‌ఈడీ మీద ఎన్ని వోల్టులు ఉంటాయో ఊహించి కాగితం మీద రాయమనండి. చాలామంది సగమైపోతుందని రాస్తారు. చూస్తే కొద్దిగా తగ్గుతుంది, అంతే. ఎల్‌ఈడీ తన వాటా రెండు వోల్టులు ఉంచుకుంటుంది, మిగిలిందంతా రెసిస్టర్ మీద పడుతుంది. ఆ నాలుగును 330తో భాగిస్తే 12 మిల్లీ ఆంప్స్, వెయ్యితో భాగిస్తే 4. ఓమ్ నియమం (వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే కరెంటు) బడిలో పదో తరగతికి గానీ రాదు, కానీ ఇలా కళ్లముందు జరిగితే ఎనిమిదో తరగతి పిల్లలకూ పడుతుంది. నన్ను అడిగితే కోర్సు మొత్తంలో అన్నిటికన్నా విలువైన అరగంట ఇదే.

జాగ్రత్తలు రెండు. చవక మీటర్లలో 10 ఆంప్స్ సాకెట్‌కు ఫ్యూజ్ ఉండదు. ఎర్ర ప్రోబ్ అందులో ఉంచి సెల్స్ మీద పెడితే అది నేరుగా షార్టే. ఆ సాకెట్ మీద ఇన్సులేషన్ టేపు వేసేయండి. ఇక 830 రంధ్రాల బ్రెడ్‌బోర్డులు కొన్నిటిలో పక్కనుండే పవర్ లైను మధ్యలో తెగి ఉంటుంది. ఎర్రగీత మధ్యలో ఆగిందంటే లోపలి లోహపు పట్టీ కూడా అక్కడ ఆగినట్టే. రెండు చోట్లు లోపల కలిసి ఉంటే బీప్ అనే మీటరు కొంటే ఆ సంగతి పిల్లలే కనిపెట్టగలరు.

ఎంబెడెడ్_బోయిన్‌పల్లి:
పైన చెప్పిన వరసే సరైంది. బోర్డు విషయానికొస్తే ఊనో క్లోన్ తీసుకోండి. ఈఎస్‌పీ32లో వైఫై ఉంది, ధర కూడా అందుబాటులోనే ఉంది, కాదనను. కానీ దాని పిన్నులు 3.3 వోల్టులవి. పిల్లలు చేత్తో 5 వోల్టుల వైరు తగిలిస్తే పిన్ను పోవచ్చు, ఒక్కోసారి చిప్పే పోతుంది. శబ్దం వెళ్లి తిరిగొచ్చే సమయంతో దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ ఎకో (జవాబిచ్చే) పిన్నులోంచి 5 వోల్టులే వస్తాయి, దానికి రెండు రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించాలి. ఊనోకు ఈ బాధ లేదు. ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంప్స్ వరకు నిశ్చింతగా లాగొచ్చు (40 అనేది దాటకూడని హద్దు, వాడుకోమని ఇచ్చింది కాదు).

సామాన్లకు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే దగ్గరే. ఆరు జట్లకు ఎనిమిది బోర్డులు తీసుకోండి, రెండు అదనంగా ఉండాల్సిందే. 330 ఓమ్, 1 కిలో, 10 కిలో క్వార్టర్ వాట్ రెసిస్టర్లు వందేసి, 5 ఎంఎం ఎర్ర ఎల్‌ఈడీలు యాభై, నాలుగు కాళ్ల చిన్న పుష్ బటన్లు ఇరవై, ఎల్‌డీఆర్‌లు (వెలుగును బట్టి విలువ మారే రెసిస్టర్లు) పది, మీటర్లు మూడు. జంపర్ వైర్లు జట్టుకు నలభై ఉంటే చాలు. యూఎస్‌బీ కేబుల్ మాత్రం దుకాణంలోనే డేటా కేబులేనా అని అడిగి తీసుకోండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో బోర్డు మీద లైటు వెలుగుతుంది గానీ ల్యాప్‌టాప్‌లో పోర్టు కనబడదు, తెలియకపోతే గంట పోతుంది.

క్లోన్లలో యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌తో మాట్లాడేందుకు సాధారణంగా సీహెచ్340 చిప్ ఉంటుంది. దాని డ్రైవర్‌ను ఆరు ల్యాప్‌టాప్‌లలోనూ ముందురోజే ఎక్కించి, ఎల్‌ఈడీ మిణుకుమనే ప్రోగ్రామ్ అప్‌లోడ్ అవుతుందో లేదో చూసుకోండి. క్లాసులో ‘నాట్ ఇన్ సింక్’ అని వస్తే ముందు పోర్టు సరిగ్గా ఎంచారా చూడండి, తర్వాత 0, 1 పిన్నుల్లో ఏమైనా గుచ్చారా చూడండి. ఆ రెండు పిన్నులూ అప్‌లోడ్‌కు వాడేవే.

బటన్ దగ్గరే పిల్లలు ఎక్కువగా ఇరుక్కుంటారు, ఒక క్లాసు మొత్తం దానికే ఇవ్వండి. నాలుగు కాళ్లలో రెండేసి లోపల కలిసే ఉంటాయి. బటన్‌ను అడ్డం తిప్పి గుచ్చితే నొక్కకుండానే నొక్కినట్టు ఉంటుంది. బ్రెడ్‌బోర్డు మధ్య గాడికి అటూ ఇటూ కాళ్లుండేలా పెట్టించి, ఎదురెదురు మూలల్లోని రెండు కాళ్లు వాడమనండి, ఎలా తిప్పినా తప్పు రాదు. తర్వాత కావాలనే రెసిస్టర్ లేకుండా, ఉత్త ఇన్‌పుట్‌గా పెట్టి సీరియల్ మానిటర్ (బోర్డు పంపేది ల్యాప్‌టాప్‌లో కనబడే కిటికీ) చూపించండి. ఎవరూ నొక్కకపోయినా సున్నాలు, ఒకట్లు కలగాపులగంగా వస్తాయి, చెయ్యి దగ్గరికి తెస్తే మారిపోతాయి. పిన్ను గాల్లో ఉంది, చుట్టూ ఉన్న కరెంటు వైర్ల రొద పట్టుకుంటోంది. అది చూశాక ఇన్‌పుట్_పుల్అప్ అని మార్పించండి, చిప్ లోపలి రెసిస్టర్ పిన్నును 5 వోల్టుల వైపు పట్టి ఉంచుతుంది, ఒకటి దగ్గర నిలబడిపోతుంది. నొక్కితే సున్నా ఎందుకు వస్తుందని తప్పకుండా అడుగుతారు. బటన్ పిన్నును గ్రౌండ్‌కు కలుపుతోంది కాబట్టి సున్నా అని వైరు మీద వేలు పెట్టి చూపించండి. నొక్కులు లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాయిస్తే ఒక్కసారి నొక్కినా మూడో నాలుగో పడతాయి, లోపలి రేకు తగిలి ఎగురుతుంది గనక. 50 మిల్లీ సెకన్లు ఆగి మళ్లీ చూడమంటే సరిపోతుంది.

ల్యాబ్_తార్నాక:
ఇంటి దగ్గర సాధనకు టింకర్‌క్యాడ్ సర్క్యూట్స్ (తెరమీదే సర్క్యూట్లు కట్టి చూసే సైటు) ఇవ్వండి, బ్రౌజర్ ఉంటే చాలు. రెసిస్టర్ లేకుండా ఎల్‌ఈడీ పెడితే ఏమవుతుందో హాల్లో కాకుండా అందులోనే చూపించండి. కానీ అందులో లూజు కాంటాక్ట్ ఉండదు, డ్రైవర్ గొడవ ఉండదు, కాబట్టి అది హాల్లో పనికి బదులు కాదు.

కోడ్‌లో ఒక్కటి మొదటే చెప్పండి. సెమికోలన్ మర్చిపోతే ఎర్రర్ తరచుగా ఆ తర్వాతి లైను మీద చూపిస్తుంది. పిల్లలు తప్పులేని లైనునే పది నిమిషాలు చూస్తూ కూర్చుంటారు. ‘చూపించిన లైనూ, దాని పై లైనూ చూడు’ అని హాల్లో అందరికీ కనబడేలా రాసిపెట్టండి.

మల్కాజిగిరి_టీచర్:
అందరికీ చాలా థాంక్స్ అండీ, మొదటి రోజు మీటర్లతోనే మొదలుపెడతాం. చివరి క్లాసులో ఎస్‌జీ90 సర్వోతో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు) గేటు చేయిద్దామనుకుంటున్నాం. దూరం సెన్సర్ ముందు బొమ్మకారు వస్తే గేటు లేవాలి. యూఎస్‌బీ కరెంటు సరిపోతుందా?

ఎంబెడెడ్_బోయిన్‌పల్లి:
గేటు లేచేది తేలికైన అట్టముక్కైతే ఒక్కోసారి సరిపోతుంది, ఒక్కోసారి బోర్డు రీసెట్ అవుతుంది. ఆ ‘ఒక్కోసారి’ చాలు, క్లాసు ఆగిపోవడానికి. సర్వో కదలడం మొదలెట్టగానే కరెంటు ఒక్కసారిగా లాగుతుంది, 5 వోల్టులు కిందికి పడతాయి, చిప్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. సెటప్‌లో (ప్రోగ్రామ్‌లో మొదట ఒక్కసారే నడిచే భాగం) ‘మొదలైంది’ అని ప్రింట్ చేయించండి. గేటు లేచినప్పుడల్లా ఆ మాట మళ్లీ పడుతుంటే తప్పు కోడ్‌లో లేదు, కరెంటులో ఉంది.

సర్వో ఎర్ర వైరుకు మొదటి రోజు వాడిన నాలుగు సెల్స్ హోల్డర్ నుంచే ఇవ్వండి. గోధుమరంగు వైరు సెల్స్ మైనస్‌కూ, బోర్డు గ్రౌండ్‌కూ రెండిటికీ కలవాలి. ఇది కలపడమే పిల్లలు మర్చిపోతారు, అప్పుడు సర్వో ఊరికే వణుకుతుంది. నారింజ రంగు వైరు 9వ పిన్నుకు. సర్వో దగ్గర బ్రెడ్‌బోర్డు మీద 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టండి, తెల్ల చార ఉన్న కాలు మైనస్ వైపు. దూరానికి ఎకో పిన్ను చెప్పే మైక్రోసెకన్లను (శబ్దం వెళ్లి వచ్చిన సమయం) 58తో భాగిస్తే సెంటీమీటర్లు వస్తాయి. రెండు సెంటీమీటర్ల లోపు ఈ సెన్సర్ నమ్మకంగా చెప్పదు, కాబట్టి కారు సెన్సర్‌కు పది సెంటీమీటర్ల దూరంలో ఉండగానే గేటు లేచేలా రాయించండి.