మెహెర్ అంచనా సంఖ్యకీ పంపిణీ జాబితాకీ పొంతన లేదు: ఇథియోపియాలో చేసినవాళ్లు చెప్పగలరా?

కొంబొల్చా_డెస్క్

ఇథియోపియాలో, దక్షిణ వొల్లో వైపు ఆహార సాయం సమన్వయం పని చూస్తున్నాను. నవంబరు ఆఖరుకి మెహెర్ (ఇక్కడి ప్రధాన పంట) అంచనా బృందాలు బయల్దేరతాయి. ఒకే వొరెడాకి (మన మండలం లాంటిది) మూడు లెక్కలు చేతికొస్తున్నాయి. అంచనా బృందం ఇచ్చేది ఒకటి, కెబెలె వాళ్లు, అంటే పంచాయతీ స్థాయిలో, రాసిచ్చే జాబితా ఒకటి, పీఎస్‌ఎన్‌పీ (ఏటా తిండి చాలని ఇళ్లకి సాయమిచ్చే పథకం) జాబితా మరొకటి. ఏ రెండూ కలవవు. పక్క వొరెడాలో వేరే సంస్థ పంచుతోంది. సరిహద్దు కెబెలెల్లో రెండువైపులా అవే పేర్లున్నాయని ఫిర్యాదులు.

ఏ సంఖ్య పట్టుకుని టన్నులు వేసుకోవాలి? డబుల్ పేర్లు ఎలా ఏరాలి? అంచనా బృందంతో వెళ్లినప్పుడు దేనిమీద పట్టుబట్టాలి? "అందరితో కూర్చుని మాట్లాడండి" లాంటి జవాబులు వద్దండీ, లెక్కతో చెప్పండి.

వానలెక్క

ముందు ఒక మాట. మీరు చెప్పిన మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. కలవకపోవడమే సహజం. అంచనా సంఖ్య "ఈ ప్రాంతంలో ఎంత లోటు" అని చెబుతుంది, ఎవరికన్నది దానికి తెలియదు. కెబెలె జాబితా ఎవరికో చెబుతుంది, ఎంతన్నది దానికి పట్టదు. పీఎస్‌ఎన్‌పీ 2005లో మొదలైంది కరువున్నా లేకపోయినా ఏటా తిండి చాలని ఇళ్ల కోసం, ఈ ఏడాది దెబ్బతిన్నవాళ్ల కోసం కాదు.

కాలాల సంగతికొస్తే, కిరెమ్త్ వానలు జూన్ నుంచి సెప్టెంబరు, దాదాపు మన నైరుతి సమయమే. ఆ పంట మెహెర్, కోత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బెల్గ్ వానలు ఫిబ్రవరి నుంచి మే. దేశం మొత్తం ధాన్యంలో బెల్గ్ పంట వాటా చిన్నదే, అందుకని కొత్తవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. వొల్లో ఎత్తు భూముల్లో అలా కుదరదు. కొన్ని కెబెలెలకి బెల్గే ప్రధాన పంట. పైగా జొన్న, మొక్కజొన్న లాంటి దీర్ఘకాలిక రకాలు ఏప్రిల్, మే తడిమీదే విత్తుతారు, కోత మాత్రం మెహెర్‌లో. బెల్గ్ తప్పితే రైతు జొన్న వదిలేసి జూలైలో టెఫ్‌కో (అక్కడి చిరుగింజ ధాన్యం), ఆ తర్వాత శనగకో మారతాడు. మీరు నవంబరులో వెళ్లి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది, కానీ అది తక్కువ దిగుబడి ఇచ్చే పంట. కాబట్టి "ఎన్ని హెక్టార్లు వేశారు" అని అడిగి ఊరుకోకండి. "ఏ పంట బదులు ఏ పంట" అని అడగండి.

2015 చూడండి. బెల్గ్ పోయింది, ఆపై ఎల్‌నినోతో కిరెమ్త్ దెబ్బతింది (ఆ ఏడు మన దగ్గరా నైరుతి లోటే). ఏడాది మొదట్లో అత్యవసర ఆహారం కావాల్సినవాళ్లు 29 లక్షలన్నారు. ఆగస్టుకి 45 లక్షలు, అక్టోబరుకి 82 లక్షలు, డిసెంబరులో వచ్చిన పత్రంలో కోటీ 2 లక్షలు. ప్రతి సంఖ్యా అది తేలిన నాటికి సరైనదే కావచ్చు, ఓడ ఎక్కించాల్సిన తేదీకి మాత్రం ఆలస్యం. అందుకే డిసెంబరు సంఖ్య కోసం చేతులు కట్టుకు కూర్చోకుండా, జూన్ బెల్గ్ అంచనా అయ్యాక ఒక ముందస్తు సంఖ్య వేసి పెట్టుకోవాలి.

ఇక బృందంతో వెళ్లినప్పుడు. ఇథియోపియాలో లోటు లెక్క గృహ ఆర్థిక పద్ధతిలో వేస్తారు. ఒకే రకం బతుకుతెరువున్న ప్రాంతానికి ఒక బేస్‌లైన్ ఏడాది (పోల్చి చూడ్డానికి పెట్టుకున్న ఏడాది) ఉంటుంది, అందులో నిరుపేద, పేద, మధ్యస్థ, కలిగిన ఇళ్లు ఏడాది తిండి ఎక్కడెక్కడ్నుంచి తెచ్చుకుంటాయో శాతాల్లో ఉంటుంది. మీరు క్షేత్రం నుంచి తేవాల్సింది మార్పు ఒక్కటే: పంట బేస్‌లైన్‌లో ఎంత శాతం, ధరలు ఎంత శాతం, కూలి దొరికే రోజులు ఎంత శాతం. ఉదాహరణకి పేద ఇంటికి ఏడాది తిండిలో 45 శాతం సొంత పంట అనుకుందాం. ఈసారి పంట బేస్‌లైన్‌లో 60 శాతమే అయితే 45 కాస్తా 27 అవుతుంది, 18 పోయాయి. మేక అమ్మి, కూలికెళ్లి 6 పూడ్చుకుంటే మిగిలిన లోటు 12 శాతం. 365 రోజుల్లో 12 శాతం అంటే 44 రోజులు, నెలన్నర. ఆ ఇంటికి ఆరు నెలల రేషను అక్కర్లేదు, రెండు విడతలు (విడతకి నెల రేషను) చాలు. అవి ఇవ్వాల్సింది జనవరిలో కాదు, గాదె ఖాళీ అయ్యే జూన్ తర్వాత. ఈ "ఎన్ని నెలలు" అన్న నిలువు వరస మీ పట్టికలో ఉండేలా పట్టుబట్టండి. అది లేకుండా వచ్చిన సంఖ్య దేనికీ పనికిరాదు.

బేరసారాలు జరిగేది కూడా అక్కడే. వొరెడా ఆఫీసు 40 వేలంటుంది, జోను (మన జిల్లా లాంటిది) 25 వేలంటుంది, మధ్యలో 32 వేల దగ్గర రాజీ. రాజీ పడాల్సి వస్తే సంఖ్య మీద పడకండి. ఏ కెబెలెకి పంట శాతం ఎంత అన్నదాని మీద వాదించండి, సంఖ్య దానంతటదే దిగుతుంది.

వదిలేయదగ్గదేదంటే, ఒకే సందర్శనలో తీసే ఆహార వినియోగ స్కోరు (ఇంట్లో ఏమేం తిన్నారో అడిగి వేసే మార్కు). నవంబరు 25 నుంచి జనవరి 7 గెన్నా పండగ దాకా ఆర్థడాక్స్ క్రైస్తవులకి ఉపవాస కాలం. మాంసం, పాలు, గుడ్లు ముట్టరు, చాలామంది మధ్యాహ్నం దాకా ఏమీ తినరు. ఆ స్కోరులో పాలకి 4, మాంసానికి 4 బరువు, తృణధాన్యాలకి 2, పప్పుకి 3. ఉపవాసంలో ఉన్న ఇల్లు కడుపు నిండా తింటున్నా స్కోరు పడిపోతుంది. "పూటలు తగ్గించారా" అన్న ప్రశ్నకి అవునంటారు, అది ఆకలి ఖాతాలో పడుతుంది. దక్షిణ వొల్లోలో ముస్లింలే ఎక్కువ, కాబట్టి ఒకే ఊళ్లో ఉపవాసమున్న ఇల్లూ లేని ఇల్లూ పక్కపక్కనే తగులుతాయి. ఉపవాసమున్నారా అన్న ఒక్క ప్రశ్న ఫారంలో చేర్చకపోతే రెండూ కలిసిపోయి ఎటూ కాని సగటు వస్తుంది.

గోదాము_కాంటా

టన్నుల మాట నేను చెబుతాను. మనిషికి నెలకి పూర్తి రేషను 15 కిలోల ధాన్యం, కిలోన్నర పప్పు, 0.45 కిలో నూనె. మొత్తం 16.95 కిలోలు. రోజుకి 2,000 కిలోక్యాలరీలకి అటూఇటూ వస్తుంది, 2,100 ప్రమాణానికి కాస్త తక్కువే. 12,000 మందికి మూడు విడతలంటే 12,000 × 16.95 × 3, అంటే 610 టన్నులు. మనుషుల్ని విడతలతో గుణించాకే లారీలు అడగండి. "12,000 లబ్ధిదారులు" అని ఊరికే రాస్తే రవాణా విభాగం ఆరు నెలలకి కడుతుంది, లేదా ఒక నెలకి కడుతుంది.

బస్తా 50 కిలోలు. పదిమందికి 3 బస్తాలు సరిగ్గా సరిపోతాయి, కాబట్టి పంపిణీ దగ్గర పదేసి మంది గుంపులు కట్టించండి. ఐదుగురున్న ఇల్లు రెండు కలిస్తే ఒక గుంపు. ఆరు, ఏడు మంది ఉన్న ఇళ్ల దగ్గరే డబ్బాతో కొలవాల్సి వస్తుంది, తూకం జారేదీ అక్కడే. నాలుగు లీటర్ల నూనె డబ్బాలో సుమారు 3.7 కిలోలుంటుంది, ఎనిమిది మందికి ఒకటి. ధాన్యం గుంపు పది, నూనె గుంపు ఎనిమిది అవడంతో గందరగోళం. ధాన్యం వరస, నూనె వరస విడదీసి, ఒకే కార్డు మీద రెండు చిల్లులు కొట్టడం తేలిక.

ధాన్యం పిండి పట్టించుకోవడానికి డబ్బులుండవు, అందుకని రేషనులోంచి కొంత అమ్ముతారు. బజార్లో బస్తా కనబడగానే దారి మళ్లింపు అని రాసేయకండి. ఒకటీ అరా చిరిగిన బస్తా వేరు, కుట్టు విప్పని బస్తాలు గుట్టగా ఉండటం వేరు.

దారి సంగతి. విదేశంలో కొన్న ధాన్యం వొరెడా చేరడానికి నాలుగు నుంచి ఆరు నెలలు వేసుకోండి. దాదాపు అంతా జిబూతీ రేవు నుంచే. అక్కడ ఎరువుల ఓడలూ ధాన్యం ఓడలూ ఒకే సమయంలో వచ్చి పడతాయి. కిరెమ్త్ విత్తనాలకి ముందే ఎరువు అందాలి కనుక సర్కారు దానికే ముందు జాగా ఇస్తుంది. 2016లో ధాన్యం ఓడలు లంగరేసుకుని నిలబడింది అందుకే. మెహెర్ అంచనా పత్రం జనవరిలో వచ్చాక ఆర్డరు పెడితే సరుకు జూన్‌కి వస్తుంది, అప్పటికి ఎత్తు కెబెలెల దారులు బురద. ఆకలి ఎక్కువుండే నెలలూ దారులు మూసుకునే నెలలూ ఒకటే అన్నది ఇక్కడి మెలిక. పెద్ద లారీ తారు రోడ్డు దాకే, ఆపైన చిన్న లారీలు. మే ఆఖరులోగా ఆ కెబెలెల్లో రెండు విడతల సరుకు దించేసి ఉంచాలి.

జాబితా_పిచ్చి

పైవాళ్లు పేర్ల జోలికి రాలేదు, అసలు గొడవంతా అక్కడే ఉంది.

ఇక్కడ ఇంటిపేరు ఉండదు. మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు. పెళ్లయినా ఆడవాళ్ల పేరు మారదు. భర్త ఒక జాబితాలో, భార్య మరో జాబితాలో ఉంటే పేరు చూసి ఒకే ఇల్లని ఎవరూ పట్టలేరు. కాబట్టి ప్రతి వరసలో జీవిత భాగస్వామి మూడు పేర్లూ ఉండాలి. సరిపోల్చేటప్పుడు అటు పేరు ఇటు భాగస్వామి గడిలో ఉందేమో కూడా వెతకాలి. ఇది చేయని డబుల్ పేర్ల ఏరివేత ఉత్తుత్తిదే.

రెండోది, ఇంగ్లిష్ స్పెల్లింగుతో సరిపోల్చకండి. ఒకే పేరుని నలుగురు గుమస్తాలు నాలుగు రకాలుగా రాస్తారు. అమ్హారిక్ (అక్కడి భాష) లిపిలోనే ఎక్కించండి. అక్కడా చిన్న చిక్కుంది, "హ" ధ్వనికి మూడు అక్షరాలు, "స"కి రెండు, "అ"కి రెండు. ముందు వాటిని ఒకే అక్షరానికి మార్చి, ఆ తర్వాతే పోల్చాలి. ఫోను నంబరు మీద ఆధారపడొద్దు, ఊరి మొత్తానికి ఒకే నంబరు రాసిన జాబితాలుంటాయి.

పీఎస్‌ఎన్‌పీ ఉందని పేరు కొట్టేయడం తప్పు. పని చేసి తీసుకునే ఇళ్లకి ఆ సాయం సాధారణంగా ఆరు నెలలే. కొన్నిచోట్ల ఇంటికి ఐదుగురికి మించి లెక్కించరు. ఎనిమిది మంది ఇంటికి ముగ్గురు మిగిలే ఉంటారు. అందుకే "పీఎస్‌ఎన్‌పీ: ఉంది/లేదు" అని రాయకండి. "ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎంతమందికి" అని రాయండి. తేదీలు ఇథియోపియా కేలండర్లో వస్తాయి: 13 నెలలు, కొత్త సంవత్సరం సెప్టెంబరు 11న, ఏడెనిమిదేళ్ల తేడా. హిదార్ నెల నవంబరు 10న మొదలవుతుంది. "హిదార్ విడత" అన్నది మీ పట్టికలో నవంబరని ఒకరు, డిసెంబరని ఒకరు రాస్తే ఒకే విడత రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

వొరెడా జనాభా కూడా అనుమానించండి. అది 2007 జనగణన మీద పెంచుకుంటూ వచ్చిన అంచనా, ఆ తర్వాత జనగణనే జరగలేదు. 12 శాతం మంది అన్నప్పుడు దేనిలో 12 శాతమో అడగాలి.

కొంబొల్చా_డెస్క్

చాలా థాంక్స్ అండీ, భార్యాభర్తల గడి సంగతి అసలు తట్టలేదు. ఇంకొకటి. వచ్చిన సరుకు సంఖ్యలో సగానికే సరిపోయేలా ఉంది. వొరెడా వాళ్లు అందరికీ సగం సగం ఇచ్చేద్దాం, గొడవుండదు అంటున్నారు. ఏమంటారు?

గోదాము_కాంటా

మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఊళ్లో ఎంతో కొంత పంచుకుంటారు, అది ఆపలేరు. కానీ కాగితం మీద మీరే సగం చేస్తే 15 కిలోలు ఏడున్నర అవుతుంది, ఊళ్లో మళ్లీ పంచుకుంటే నాలుగు. రేషను తగ్గించేటప్పుడు పప్పు, నూనె మాత్రం కోయకండి, బరువు తక్కువ, రవాణా చవక. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాలింతల అదనపు ఆహారం వచ్చే దారి వేరు, దానికీ దీనికీ ముడిపెట్టొద్దు.

వానలెక్క

నేను గోదాము గారికంటే గట్టిగానే చెబుతాను, సగం వద్దు. ముందు కెబెలెలు ఎంచుకోండి, ఆ తర్వాత ఇళ్లు. లోటు పెద్దదైన కెబెలెలకి పూర్తి రేషను, మిగతావి తర్వాతి విడతకి. ఏది ఎందుకు వదిలారో ఆహార క్లస్టరు (సాయం సంస్థల సమన్వయ వేదిక) సమావేశపు మినిట్స్‌లో రాయించండి, నోటిమాటగా వదిలితే మర్నాడే కొత్త జాబితా వస్తుంది. 2023లో దారి మళ్లింపు బయటపడి యూఎస్‌ఎయిడ్, ప్రపంచ ఆహార కార్యక్రమం మేలో టిగ్రాయ్‌లోనూ, జూన్‌లో దేశమంతటా పంపిణీ నిలిపేశాయి. ఆ తర్వాత తెచ్చిన కట్టుబాట్లలో ముఖ్యమైనది, పేర్ల ఎంపిక ఒక్క ఆఫీసు చేతిలో లేకుండా చూడటం. "అందరికీ సగం" అన్నది ఆ ఎంపికనే చడీచప్పుడు లేకుండా ఎత్తేస్తుంది.

జాబితా_పిచ్చి

సరిహద్దు కెబెలెల ఫిర్యాదుకి ఎవరూ జవాబివ్వలేదు, నేనిస్తాను. ఒక వొరెడాకి ఒకే సంస్థ అన్నది ఉన్న నియమమే, ఎవరెక్కడ ఏం పంచుతున్నారో చెప్పే పట్టిక క్లస్టరు దగ్గర ఉంటుంది. ఆ పట్టిక వొరెడా దగ్గర ఆగిపోతుంది, మీకు కావాల్సింది కెబెలె. పక్క సంస్థతో సరిహద్దు కెబెలెల జాబితాలు మాత్రమే, అమ్హారిక్‌లో, మార్చుకోండి. మొత్తం జాబితాలు అడిగితే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఇంకా సులువైన ఉపాయం, ఆ కెబెలెల్లో ఇద్దరూ ఒకే రోజు, ఒకే గంటకి పంచండి. గంట చెప్పేటప్పుడు జాగ్రత్త, ఇక్కడ పొద్దున్న "2 గంటలు" అంటే మన 8 గంటలు. నోటీసులో రెండు రకాలుగానూ రాయండి.