గన్నవరం నుంచి మధురపూడికి మూడు గంటలు సరిపోతాయా?

వచ్చే శనివారం ఉదయం 11 గంటలకు నాన్నగారిని గన్నవరం విమానాశ్రయంలో దించాలి. అదే రోజు మధ్యాహ్నం 2:30కి చెల్లి హైదరాబాద్ నుంచి రాజమండ్రి విమానాశ్రయంలో, అంటే మధురపూడిలో దిగుతుంది. ఉన్నది ఒకటే కారు, నడిపేది నేనొక్కడినే. దూరం 150 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుందని లెక్క వేశాను. ఏలూరు, గుండుగొలను దాటాక దేవరపల్లి, కొవ్వూరు మీదుగా వెళ్లడం మేలా, లేక తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం దారే నయమా? గోదావరి దాటాక ఊళ్లోకి వెళ్లకుండా మధురపూడి చేరవచ్చా? నాన్నగారు లోపలికి వెళ్లే ముందు సంచీలోని మందుల డబ్బా మూడుసార్లు తీసి చూసుకుంటారు, ఆ అరగంట కూడా కలుపుకోండి. ఈమధ్య పగటిపూట ఆ దారిలో వెళ్లినవారు ఎంతసేపు పట్టిందో చెప్పగలరా?