సింగిల్ హ్యాండ్ బ్యాక్‌హ్యాండ్ నిలకడగా పడట్లేదు: రెండు చేతులకి మారాలా, దీన్నే బాగుచేసుకోవాలా?

నల్లగండ్ల_బేస్‌లైన్:
నాకు 38, వారానికి మూడు రోజులు పొద్దున్నే ఆరింటికి మా అపార్ట్‌మెంట్ కోర్టులో టెన్నిస్ ఆడతా. కుడి వైపు కొట్టే ఫోర్‌హ్యాండ్ ఫర్వాలేదు, ఎడమ వైపు బంతికి ఒంటి చేత్తో కొట్టే సింగిల్ హ్యాండ్ బ్యాక్‌హ్యాండ్ దగ్గరే ప్రాణం పోతోంది. ఒక రోజు లైన్ మీద పడుతుంది, మర్నాడు అదే షాట్ వెనక ఫెన్సింగ్‌కి తగుల్తుంది. మొన్న ఆదివారం అవతలి ఆయన ప్రతి సర్వీసూ నా బ్యాక్‌హ్యాండ్‌కే, భుజం ఎత్తుకి లేచేలా వేశాడు, ఒక్కటీ సరిగ్గా తిరిగివ్వలేకపోయా. కోచ్ ఏమో రెండు చేతులకి మారిపో అంటున్నాడు. పదేళ్లుగా ఆడుతున్న షాట్, మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?

కూకట్‌పల్లి_టాప్‌స్పిన్:
మారిపో బ్రో. 2024 ఫిబ్రవరిలో గ్రీస్ ఆటగాడు సిట్సిపాస్ కిందికి జారాక ఏటీపీ (మగవాళ్ల ప్రపంచ ర్యాంకింగ్స్) టాప్ 10లో ఒక్క సింగిల్ హ్యాండర్ కూడా మిగల్లేదు, 1973లో ర్యాంకింగ్స్ మొదలయ్యాక అలా జరగడం అదే ఫస్ట్ టైమ్. పొద్దస్తమానం ప్రాక్టీస్ చేసేవాళ్లకే అంత కష్టమైతే వారానికి మూడు రోజులాడే మన సంగతేంటి? మన సానియా బ్యాక్‌హ్యాండ్ కూడా రెండు చేతులదే. రెండో చెయ్యి ఉంటే బంతి కాస్త లేటుగా తగిలినా నెట్టేయొచ్చు, ఒంటి చేతికి ఆ వెసులుబాటు లేదు.

క్లేకోర్ట్_బాబాయ్:
తమ్మీ, టాప్ 10 లెక్క నీకెందుకు, వాళ్లకొచ్చే బంతి వేరు నీకొచ్చే బంతి వేరు. అయినా 2025ల ఇటలీ ఆటగాడు ముసెట్టి టాప్ 10లకి ఒచ్చిండు కదా, ఆయనది ఒంటి చెయ్యే. నీ కష్టం చేతితోని కాదు, టైముతోని. నేను 20 ఏండ్ల సంది సింగిల్ హ్యాండే ఆడుతున్న, మొదటి ఏడేండ్లు నీ తీర్గనే కొట్టిన. ఒకరోజు మా కొడుకు ఫోన్‌ల వీడియో తీసిండు, చూస్తే ఏముంది, బంతి నెట్ దాటినంక నేను గ్రిప్ మారుస్తున్న, రాకెట్ వెనక్కి పొయ్యేసరికి బంతి నడుము పక్కకొచ్చేసింది, ఇగ మోచెయ్యి ముందుకు దూకుడు, మణికట్టు వంగుడు.

ఒంటి చేతికి బంతి ముందు కాలి కన్నా ఇంకో జానెడు ముందు తగలాలె. ఆ జానెడు ఎడమ చెయ్యి ఇస్తది. అది రాకెట్ మెడని ఇడవొద్దు. బంతి అటు ఒస్తుందని తెలవంగనే ఎడమ చెయ్యే రాకెట్ తిప్పాలె, కుడి చెయ్యి గ్రిప్ మార్చుకోవాలె, మళ్ల ఎడమ చెయ్యే వెనక్కి గుంజాలె, గడ్డం కుడి భుజం మీదికొచ్చేదాక భుజం తిరుగుతది. కొట్టేటప్పుడు ఎడమ చెయ్యి వెనక్కే పోవాలె, తాడుని రెండు చేతులతోని చెరో దిక్కు గుంజినట్టు. అది గూడ ముందుకొచ్చిందా, ఛాతీ తెరుచుకుంటది, బంతి యాడికి పోతదో నీకే తెల్వదు.

నెట్ దగ్గర ఎవర్నన్న నిలబెట్టి చేత్తోని బంతులు ఎయ్యించుకో, మెల్లగ కొట్టు, కొట్టినంక తల లేపకుండ రెండు సెకన్లు అట్లనే ఆగు. వరసగా 20 క్రాస్‌కోర్ట్ (ఈ మూల నుంచి అవతలి ఎదురు మూలకి) పడేదాక గట్టిగ కొట్టకు. నెల రోజులు చెయ్, తర్వాత మాట్లాడుదం.

కూకట్‌పల్లి_టాప్‌స్పిన్:
బాబాయ్, మీ ఏడేళ్లు అందరి దగ్గరా ఉండవు కదా. ఇంకోటి, లేటుగా, మణికట్టు వంచి కొడితే మోచేతి బయటి వైపు టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపేవి) లాగేసి టెన్నిస్ ఎల్బో వస్తుంది. నాకు వచ్చింది, నాలుగు నెలలు టీ కప్పు ఎత్తాలన్నా నొప్పే. అందుకే రెండు చేతులకి మారా.

స్లైస్_సైనిక్‌పురి:
ఎల్బో మాట నిజం, బాబాయ్ గారు చెప్పేది కూడా అదే కదా, లేటుగా కొట్టొద్దని. భుజం ఎత్తు బంతి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. దాన్ని టాప్‌స్పిన్ (రాకెట్ కింది నుంచి పైకి లాగి, బంతి ముందుకు దొర్లేలా) కొట్టాలని చూడకండి. కాంటినెంటల్ గ్రిప్‌తో (సుత్తి పట్టుకున్నట్టు) స్లైస్ చేసి, అంటే పై నుంచి కిందికి కోసినట్టు కొట్టి, లోతుగా వేయండి, డబుల్స్‌లో అయితే సర్వ్ చేసినవాడి కాళ్ల దగ్గరికి.

క్లేకోర్ట్_బాబాయ్:
స్లైస్ మంచిదే గానీ అన్నీ స్లైసే అయితే అవతలోడు నెట్ మీదికి ఒచ్చి కూసుంటడు. ఫెడరర్‌ని నాదల్ ఏండ్లకేండ్లు ఆ ఎత్తు బంతితోనే గోస పెట్టిండు. 2014ల ఫెడరర్ రాకెట్ తల సైజు 90 నుంచి 97 చదరపు అంగుళాలకి మార్చిండు, 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్‌ల అదే నాదల్ మీద వెనక్కి పోకుండ లోపలికి అడుగేసి, బంతి పైకి లెవ్వకముందే కొట్టిండు, ఐదు సెట్లల్ల గెలిచిండు. మనం ఫెడరర్ కాదు, సరే, కానీ ఒక అడుగు ముందుకు ఎయ్యగలం.

నల్లగండ్ల_బేస్‌లైన్:
ఈ పొద్దున వీడియో తీయించా. బాబాయ్ చెప్పింది అక్షరాలా అదే, బంతి నెట్ దాటకముందే ఎడమ చెయ్యి రాకెట్‌ని వదిలేస్తోంది, పదేళ్లలో ఒక్కసారి కూడా గమనించలేదు. మా తమ్ముడితో ఓ 60 బంతులు వేయించుకున్నా, వరసగా పడ్డవి ఎక్కువలో ఎక్కువ 11. ఆదివారం మళ్లీ ఆయనతోనే ఆట ఉంది, ఎత్తు బంతులకి స్లైస్, నడుము ఎత్తువి మాత్రం కొడతా. కోచ్‌కి ఇంకా చెప్పలేదు.