హైకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కు క్యూటీ పోర్టింగ్: చేయి కలపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఒక సంస్థలో సి ప్లస్ ప్లస్ ప్రోగ్రామరును. నాలుగేళ్లుగా, విండోల ప్రోగ్రాములు రాయడానికి వాడే క్యూటీ ఫ్రేమ్‌వర్కుతోనే పని. ఈ మధ్య అటక మీద పడి ఉన్న పాత ల్యాప్‌టాపును దించి, అందులో హైకూ బీటా 5 పెట్టుకున్నాను. విండోస్ ఎక్కించడం మానేసిన ఆ యంత్రం మీద హైకూ అంత చురుగ్గా కదలడం ఒక ఆశ్చర్యమైతే, హైకూ సాఫ్ట్‌వేర్ దుకాణమైన హైకూడిపోలో వెతికినప్పుడు కేట్ (టెక్స్ట్ ఎడిటర్), క్రీటా (బొమ్మలు గీసేది) వంటి పెద్ద పెద్ద క్యూటీ అప్లికేషన్లు దొరకడం ఇంకో ఆశ్చర్యం. వెనక ఏ కంపెనీ జీతమూ లేకుండా, ఇంత తక్కువమంది వాడే సిస్టమ్ మీదకు లక్షల వరుసల ఫ్రేమ్‌వర్కును వాలంటీర్లు ఎలా తేగలిగారో తెలుసుకోవాలని ఉంది.

నా సందేహాలు మూడు. పోర్టింగ్, అంటే ఒక సిస్టమ్ కోసం రాసినదాన్ని ఇంకోదాని మీదకు తేవాలంటే, నిజంగా ఏ భాగాన్ని తిరగరాయాలి? హైకూలో ఎక్స్‌లిబ్ (లినక్స్ ప్రోగ్రాములు విండోలు గీయడానికి వాడే లైబ్రరీ) కోసం ఒక కంపాటిబిలిటీ లేయర్ ఉందంటున్నారు కదా, క్యూటీని దాని మీదే నడిపించేస్తే సరిపోదా? క్యూటీ బాగా తెలిసి హైకూ ఏమాత్రం తెలియని నాలాంటివాడు ఏ మూల నుంచి పని అందుకోవాలి?

జవాబు 1

మీ మొదటి ప్రశ్నకే జవాబు ఎక్కువ. కొంచెం ఓపికగా చదవండి.

హైకూ పునాది బీఓఎస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని తయారుచేసిన బీ సంస్థ ఆస్తులను 2001లో పామ్ కొనుక్కున్నాక, అభిమానులు అదే ఏడాది ఓపెన్‌బీఓఎస్ అనే పేరుతో మొదటినుంచి తిరగరాయడం మొదలుపెట్టారు. 2004లో ఆ ప్రాజెక్టుకు హైకూ అన్న పేరు వచ్చింది. ఈ చరిత్ర ఇక్కడ ఎందుకంటే, క్యూటీకి హైకూకి మధ్య ఉన్న అసలు పేచీ ఆ బీఓఎస్ నాటి ఆలోచనలోనే ఉంది. దాని దగ్గరకు వస్తాను.

క్యూటీ 4 కాలంలో పోర్టింగ్ నరకం. విండోలను తాకే కోడ్ అంతా లైబ్రరీ కడుపులోనే, లినక్స్ వైపు వాడే ఎక్స్ 11కు ఒక ఫైలు, విండోస్‌కు ఒక ఫైలు, మ్యాక్‌కు ఒక ఫైలు అన్నట్టుగా, మధ్యమధ్య షరతులతో అల్లుకుని ఉండేది. కొత్త సిస్టమ్ తేవాలంటే ఆ ప్రతి ఫైలుకూ ఇంకో జంట రాయాలి, క్యూటీ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఆ జంటలన్నిటినీ సరిచూసుకోవాలి. అయినా వాలంటీర్లు క్యూటీ 4ను హైకూ మీద నడిపించారు. 2012 డిసెంబరులో వచ్చిన క్యూటీ 5 ఈ పద్ధతిని మార్చింది. సిస్టమ్‌తో మాట్లాడే పనంతా ఒక ప్లాట్‌ఫారమ్ ప్లగిన్‌లోకి వెళ్లిపోయింది. తెర, విండో, బొమ్మ గీసే బఫరు, క్లిప్‌బోర్డు, ఫాంట్లు, థీమ్ - వీటికి ఒక్కొక్క క్లాసు రాసి ఇస్తే, బటన్లు మొదలు పట్టికల దాకా మిగతావన్నీ క్యూటీ తనే గీసుకుంటుంది. హైకూ ప్లగిన్‌లో బఫరు అంటే, బొమ్మను ఉంచే హైకూ క్లాసు బీబిట్‌మ్యాప్. క్యూటీ అందులో పిక్సెళ్లు నింపుతుంది, విండోలో గీసే క్లాసు బీవ్యూ దాన్ని తెర మీదకు చేరుస్తుంది. ఈ భాగం చదివితే, ఇంతేనా అనిపిస్తుంది.

ఇంతే కాదు. హైకూలో ప్రతి విండోకూ సొంత థ్రెడ్ (ప్రోగ్రాములో విడిగా నడిచే పని వరుస) ఉంటుంది. విండో క్లాసు బీవిండో, సొంత థ్రెడ్‌లో కబుర్లు అందుకునే బీలూపర్ క్లాసుకు వారసురాలు కాబట్టి, నాలుగు విండోలు తెరిస్తే నాలుగు థ్రెడ్లు వాటంతటవే పుడతాయి. సిస్టమ్ చురుకుదనానికి ఇదొక పెద్ద కారణం. క్యూటీ మాత్రం విండోలకు సంబంధించిన పనంతా ఒక్క ముఖ్య థ్రెడ్‌లోనే జరగాలని పట్టుబడుతుంది. కనుక మౌసు కదిలిందన్న కబురు హైకూ వైపు విండో థ్రెడ్‌లోకి వస్తుంది. దాన్ని అక్కడికక్కడే క్యూటీ ఆబ్జెక్టుకు అందిస్తే ప్రోగ్రాము కూలిపోతుంది, లేదా అంతకంటే అన్యాయంగా, పదిసార్లకు ఒకసారి మాత్రమే కూలిపోతుంది. ఆ కబురును క్యూలో పెట్టి ముఖ్య థ్రెడ్ తనంతట తాను తీసుకునేలా చేయాలి. తిరుగు దారిలో ముఖ్య థ్రెడ్ విండో పరిమాణం మార్చాలనుకుంటే ఆ విండో లాకు తీసుకోవాలి. సరిగ్గా అదే సమయంలో విండో థ్రెడ్ ఆ లాకు పట్టుకునే ముఖ్య థ్రెడ్ నుంచి జవాబు కోసం ఎదురుచూస్తోందనుకోండి, ఇద్దరూ అలాగే నిలబడిపోతారు. తెర మీద విండో ఉంటుంది, దేనికీ పలకదు.

ఒక ఉదాహరణ చెబుతాను. మూసే బటన్ నొక్కగానే హైకూ ఆ విండో థ్రెడ్‌లో ఒక ఫంక్షన్‌ను పిలిచి, మూయవచ్చునా కాదా అని అప్పటికప్పుడే జవాబు అడుగుతుంది. అవునంటే విండో ఆబ్జెక్టును తనే తుడిచేస్తుంది. క్యూటీ వైపు అప్లికేషన్ 'ఫైలు భద్రపరచమంటారా' అని వాడుకరిని అడగవలసి ఉంటుంది, అది ముఖ్య థ్రెడ్‌లో తీరుబడిగా జరిగే పని. దీనికి ప్లగిన్‌లో దొరికిన ఉపాయం ఏమిటంటే, ఆ ఫంక్షన్ ఎప్పుడూ కాదనే చెబుతుంది. చెబుతూనే క్యూటీకి ఒక సిగ్నల్ పంపుతుంది. క్యూటీ తన విచారణ పూర్తిచేసుకుని నిజంగా మూయాలనుకుంటే విండోను తనే తొలగిస్తుంది. రెండు వరుసల కోడ్. వాటి వెనక ఎన్ని క్రాష్ రిపోర్టులు ఉంటాయో ఊహించుకోవలసిందే.

చిన్నవీ చాలా ఉన్నాయి. హైకూలో పోజిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) ఎర్రర్ కోడ్‌లు రుణ సంఖ్యలు. తప్పు జరిగితే ఎర్రర్ నంబరుకు ముందు మైనస్ పెట్టి తిరిగిచ్చే అలవాటున్న లైబ్రరీ కోడ్ ఇక్కడికి రాగానే, ఆ విలువ ధనసంఖ్యగా మారి, పని విజయవంతమైనట్టు లెక్క వేస్తుంది. గణిత, థ్రెడ్ లైబ్రరీలు విడిగా ఉండవు, అన్నీ లిబ్‌రూట్ అనే మూల లైబ్రరీలోనే. సాకెట్లు మాత్రం లిబ్‌నెట్‌వర్క్‌లో వేరుగా ఉంటాయి. కాపీ చేయడానికి కంట్రోల్ బదులు ఆల్ట్ నొక్కడం హైకూ సంప్రదాయం, దానికి తగ్గట్టు ప్లగిన్ కీలను మార్చి చెప్పాలి. సిస్టమ్ ఫోల్డరు ప్యాకేజీల నుంచి పుట్టే చదవడానికి మాత్రమే వీలిచ్చే ఫైల్‌సిస్టమ్ కాబట్టి, లైబ్రరీ పక్కనే సెట్టింగులు రాసుకుందామంటే కుదరదు. 32 బిట్ హైకూ బీఓఎస్ ప్రోగ్రాముల కోసం ఇప్పటికీ జీసీసీ 2.95 అనే పాత కంపైలరును మోస్తోంది, దానితో నేటి క్యూటీ కంపైల్ కాదు గనుక రెండో కంపైలరుతో కట్టి వేరే పేరుతో పెడతారు. 64 బిట్‌లో ఈ తలనొప్పి లేదు.

ఎక్స్‌లిబ్ లేయర్ సంగతి. అది ఎక్స్ సర్వర్ కాదు. ఎక్స్‌లిబ్ పిలుపులను హైకూ పిలుపులుగా మార్చే లైబ్రరీ. అసలు రానే రాని అప్లికేషన్లను రప్పించడానికి మంచి సాధనం. క్యూటీని దాని మీద కూర్చోబెడితే రెండు అనువాదాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, పైగా థీమ్, ఫైలు డైలాగులు, లాగి వదలడం వంటివి హైకూ తీరులో రావు. నేరుగా రాసిన ప్లగిన్ ఉన్నప్పుడు ఆ చుట్టుదారి దేనికి?

జవాబు 2

పై మిత్రుడు సాంకేతిక విషయం చక్కగా చెప్పారు, కాని పనిలోకి దిగేముందు మీరు ఆలోచించుకోవలసిన వేరే సంగతి ఒకటుంది. తేవడం ఒక ఎత్తు, మోయడం ఇంకో ఎత్తు. హైకూకు తెచ్చిన సాఫ్ట్‌వేర్ల భాండారమైన హైకూపోర్ట్స్‌లో ప్రతి సాఫ్ట్‌వేరుకూ ఒక రెసిపీ (కట్టే సూచనలు), దానితోపాటు ప్యాచ్‌ల మూట ఉంటాయి. అసలు సాఫ్ట్‌వేరుకు కొత్త వెర్షన్ రాగానే ఆ ప్యాచ్‌లు అతుకుతాయో లేదో ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. 2020 డిసెంబరులో క్యూటీ 6 వచ్చినప్పుడు సి ప్లస్ ప్లస్ 17 తప్పనిసరి అయింది, క్యూటీని కట్టే పద్ధతి క్యూమేక్ నుంచి సీమేక్‌కు మారింది. అంటే ప్లగిన్ కోడ్‌తోపాటు దాన్ని కట్టే ఏర్పాటును కూడా మళ్లీ రాసుకోవాలి. క్యూటీ మూలంలో హైకూను గుర్తించే మాక్రో ఉంది, 5వ శ్రేణిలో హైకూ ప్లగిన్ ఫోల్డరు కూడా చేరింది. అయితే అక్కడ చేరినంత మాత్రాన ప్రతి మార్పునూ హైకూ మీద ఎవరూ పరీక్షించరు. ఆ పని మళ్లీ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది మీదే పడుతుంది. హైకూకు అండగా ఉన్న లాభాపేక్షలేని సంస్థ హైకూ ఇంక్ విరాళాలతో 2021 నుంచి ఒక డెవలపరుకు కాంట్రాక్టు మీద జీతం ఇస్తోంది. పోర్టులు చూసేవారిది మాత్రం ఉద్యోగాలు అయ్యాక మిగిలిన సాయంత్రాలే.

నాకు ఇంకో అసంతృప్తి కూడా ఉంది, దాచుకోను. హైకూ ఫైల్‌సిస్టమ్‌లో ఫైళ్లకు అట్రిబ్యూట్లు తగిలించి, వాటి మీద క్వెరీ నడిపించవచ్చు. పరిచయాల పుస్తకం, ఉత్తరాల పెట్టె రెండూ ఆ పద్ధతిలోనే మామూలు ఫైళ్లుగా ఉంటాయి. హే అనే కమాండుతో నడుస్తున్న నేటివ్ విండోలోని బటనును బయటనుంచి నొక్కవచ్చు. క్యూటీ అప్లికేషన్లు వీటిలో ఏదీ వాడుకోవు. హే కంటికి క్యూటీ విండో ఒక ఖాళీ గది, లోపల ఉన్నదంతా గోడ మీద బొమ్మే. హైకూ బటన్ల రూపాన్ని గీసే బీకంట్రోల్‌లుక్‌ను వాడుకునే స్టైల్ ప్లగిన్ పుణ్యమా అని చూపులకు హైకూ బటన్లలాగే ఉంటాయి, అది వేరే మాట. నేటివ్ చిత్రకళా ప్రోగ్రాము రాయాలనుకునే కుర్రవాడు క్రీటా ఉందిగా అని ఊరుకుంటే నష్టం ఎవరికి? పోర్టింగ్ వద్దనడం లేదు. నేనూ రోజూ కేట్‌లోనే రాస్తున్నాను. మీ సాయంత్రాలు ఎటు పెట్టాలో ఎంచుకునేటప్పుడు ఇది కూడా తూకంలో వేసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండో జవాబు చదివాక నేటివ్ వైపే వెళ్దామా అనిపించి, హైకూతో వచ్చే టెక్స్ట్ ఎడిటర్ స్టైల్డ్‌ఎడిట్ తెరిచి తెలుగులో నాలుగు వాక్యాలు అతికించాను. వత్తులు, గుణింతాలు విడివిడిగా చెల్లాచెదురయ్యాయి. అదే వాక్యాలు కేట్‌లో పొందికగా కనిపించాయి. ఫాంటు ఒకటే. ఇదెలా?

జవాబు 3

మీకు కనిపించినదే నన్ను క్యూటీ పక్షాన నిలబెట్టింది.

'స్త్రీ' అన్న అక్షరాన్ని తీసుకోండి. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు కోడ్‌లు. వీటిని కలిపి, ఫాంటులోని నియమాలను చదివి, ఏ రూపాన్ని ఎక్కడ, ఏ ఎత్తున పెట్టాలో నిర్ణయించడాన్ని షేపింగ్ అంటారు. తెర మీద గీసే హైకూ భాగమైన యాప్‌సర్వర్, ఫ్రీటైప్ అనే లైబ్రరీతో ఫాంటు తెరిచి ఒక్కొక్క కోడ్‌కు ఒక్కొక్క బొమ్మ చొప్పున గీసుకుంటూ పోతుంది. ఇంగ్లీషుకు, రష్యన్‌కు, జపనీస్‌కు అది చాలు. తెలుగుకు, హిందీకి, అరబిక్‌కు చాలదు. క్యూటీ అక్షరాలను గీయడానికి యాప్‌సర్వర్‌ను అడగదు. తనతో హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ లైబ్రరీని మోసుకొస్తుంది, షేపింగ్ దానితో చేయించి, పూర్తయిన పిక్సెళ్లను మాత్రమే హైకూకు అప్పగిస్తుంది. రెండో జవాబులో గోడ మీద బొమ్మ అని తప్పుపట్టారే, ఆ గుణమే ఇక్కడ మనల్ని కాపాడుతోంది.

యాప్‌సర్వర్‌లోనే షేపింగ్ పెట్టవచ్చు కదా అంటే పెట్టవచ్చు, పెట్టాలి కూడా. అయితే అక్కడ వాక్యం వెడల్పు కొలిచే ఫంక్షన్ నుంచి కర్సరు స్థానం దాకా అన్నీ ఒక కోడ్‌కు ఒక వెడల్పు అన్న నమ్మకం మీద కట్టినవి. బీఓఎస్ రోజుల ఏపీఐ మాట తప్పకుండా దాన్ని మార్చాలి. ఆ పని పూర్తయ్యేలోగా హైకూలో తెలుగు రాయాలనుకునేవారికి క్యూటీయే దారి. ఫాంటు దొరకనివారు తమ ఫాంటు ఫైలును హోమ్‌లోని కాన్ఫిగ్, నాన్-ప్యాకేజ్డ్, డేటా, ఫాంట్స్ ఫోల్డరులో పెడితే చాలు.

జవాబు 1 ఇచ్చినవారు

మూడో ప్రశ్నకు జవాబు చెప్పకుండా వెళ్లిపోయాను, మన్నించండి. మొదటి రోజే క్యూటీ మొత్తాన్ని కంపైల్ చేయకండి. నేను ప్లగిన్‌లో ఒక్క వరుస మార్చడానికి క్యూటీబేస్ అంతా కడుతూ రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. మొదటి రాత్రి లింకింగ్ దగ్గర మెమరీ చాలక ఆగిపోయింది. హైకూపోర్ట్స్‌లో క్యూటీ 5కు హైకూ ప్లగిన్‌లు విడి ప్యాకేజీగానే ఉన్నాయి. క్యూటీ డెవెల్ ప్యాకేజీని (కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్లను) పీకేజీమ్యాన్ అనే ప్యాకేజీల కమాండుతో దించుకుని, ప్లగిన్ మూలం ఒక్కటి తెచ్చి కట్టుకుంటే మీ పాత ల్యాప్‌టాపు మీద కూడా త్వరగానే అయిపోతుంది.

చదవడం విండో క్లాసుతో మొదలుపెట్టండి. ఏ ఫంక్షన్ ఏ థ్రెడ్‌లో నడుస్తుందో పక్కన కాగితం మీద రాసుకుంటూ పోండి. క్యూటీ క్విక్ ప్రోగ్రాములను పరీక్షించేటప్పుడు సాఫ్ట్‌వేర్ రెండరరును ఎంచుకోండి, ఎందుకంటే హైకూలో ఓపెన్‌జీఎల్ సాధారణంగా గ్రాఫిక్స్ కార్డు మీద కాక ప్రాసెసరు మీదే నడుస్తుంది. మొదటి ప్యాచ్‌గా పెద్దది ఏదీ ఎత్తుకోవద్దు. మీకు తెలుగు టైపింగు అవసరం ఉంది కాబట్టి, క్యూటీ ప్రోగ్రాములో తెలుగు అక్షరం మధ్య బ్యాక్‌స్పేస్ నొక్కితే ఏం జరుగుతుందో, ఆల్ట్ కీ మార్పిడి దానికి అడ్డుపడుతోందో లేదో పరీక్షించి, తేడా కనిపిస్తే దాన్ని మళ్లీ రప్పించే చిన్న ప్రోగ్రాముతో రిపోర్టు రాయండి. లోపం ప్లగిన్‌దని తేలితే ఇక్కడే చెప్పండి, కలిసి చూద్దాం.