ముందే జరిపిన ప్రైమరీకి శిక్ష ఎవరికి?

ప్రశ్న (నల్లకుంట, హైదరాబాద్): 2008లో అమెరికా రాష్ట్రాలైన ఫ్లోరిడా, మిషిగన్ పార్టీ పెట్టిన గడువుకు ముందే ప్రైమరీలు (అధ్యక్ష అభ్యర్థి ఎంపికకు జరిపే ఓటింగు) జరిపినందుకు డెమోక్రటిక్ పార్టీ, అభ్యర్థిని ఖాయం చేసే మహాసభలో ఆ రాష్ట్రాల ప్రతినిధులందరి ఓటుహక్కునూ రద్దు చేసింది కదా, తేదీని శాసనసభ నిర్ణయిస్తే శిక్ష పార్టీ ఓటర్లకు వేయడం న్యాయమేనా అండీ?

జవాబు (తార్నాక): ఫ్లోరిడా వరకు మీ సందేహం సమంజసమే, ఎందుకంటే అక్కడి శాసనసభలో రిపబ్లికన్లదే ఆధిక్యం (డెమోక్రాట్లూ ఆ బిల్లుకు ఓటేశారన్నది వేరే సంగతి). మిషిగన్‌లో మాత్రం ఒబామా బ్యాలట్ నుంచి తన పేరు ఉపసంహరించుకున్నారు గనుక, ఆ ఫలితాన్ని యథాతథంగా ఆమోదించడం ఇంకా అన్యాయమయ్యేది.

జవాబు (మెహిదీపట్నం): శిక్ష నిలవలేదండీ. మే 31న పార్టీ నిబంధనల సంఘం ప్రతినిధికి అర ఓటు చొప్పున ఇచ్చింది. అభ్యర్థి ఖాయమయ్యాక, ఆగస్టు మహాసభలో పూర్తి ఓటు దక్కింది. ప్రతినిధుల సంఖ్యలో సగం కోత వేసే రిపబ్లికన్ పార్టీ శిక్షకూ బెదరకుండా ఫ్లోరిడా 2012లో జనవరి 31నే ప్రైమరీ జరిపింది.