ట్యాపెట్ స్క్రూ మర పోయినట్టుండాది, నట్టు బిగుసుకోవడం లేదు

అలిపిరి బండోడు:
అన్నలారా, నాది పాత 100 సీసీ హీరో హోండా. కొండ మీద డ్యూటీ, రోజూ ఘాట్ ఎక్కి దిగాల. పోయిన వారం టోల్‌గేట్ దాటి మలుపులు మొదలయ్యేసరికి హెడ్డులోంచి టిక్ టిక్ అని శబ్దం. కిందికి దిగినాక ఒక షాపులో ట్యాపెట్ పెట్టించినా, అదే వాల్వ్ గ్యాప్ సెట్టింగ్. రెండు రోజులు బాగుండె, మళ్లా అదే శబ్దం, ఈసారి ఇంకా గట్టిగా. నిన్న ఇంట్లో ఎగ్జాస్ట్ వైపు మూత విప్పి చూస్తే ట్యాపెట్ స్క్రూను కదలకుండా పట్టే లాక్ నట్టు వదులుగా ఉండాది. స్పానర్ వేసి తిప్పితే కొంచెం పట్టినట్టే పట్టి జారిపోతాంది. ఆ స్క్రూ ఉండే రాకర్ (వాల్వును నొక్కే చెయ్యి) మార్చాల్నా? బండి నడపచ్చునా?

పాకాల పల్సర్:
నడపద్దు స్వామీ, దండం పెడతా. నట్టు పట్టు లేకపోతే స్క్రూ తిరుక్కుంటా పైకి వచ్చేస్తుంది. గ్యాప్ పెరిగి వాల్వ్ సరిగా తెరుచుకోదు. ఊడి లోపల పడిందంటే అప్పుడు నిజంగానే ఇంజను విప్పాల్సొస్తుంది. నాకు నాలుగేళ్ల కింద ఇదే అయింది. మర పోయిన చోట గమ్ము పెట్టి బిగించినా. చిత్తూరు నుంచి ఇంటికి రాకముందే వదిలేసింది. ఆ వేడికి, ఆ నూనెకి గమ్ము నిలవలేదు.

లేత్ పని, చిత్తూరు:
ముందు ఏ మర పోయిందో తేల్చుకో తమ్ముడూ. నట్టుదా, స్క్రూదా, రాకర్‌దా? మూడూ వేరే వేరే. నట్టు, స్క్రూ అయితే చిన్న ఖర్చు. కొత్త స్క్రూ తెచ్చి రాకర్‌లోకి వేళ్లతోనే ఎక్కించి చూడు. మొదటి నుంచి చివరి దాకా సాఫీగా పోయి, పక్కలకు ఊగకపోతే రాకర్ బాగున్నట్టే. ఊగితే, లేదా పైకి లాగితే జారి వస్తే రాకర్ పోయినట్టు. అప్పుడు మార్చడమే.

వెల్డింగ్ పెట్టి కొత్తగా మర తియ్యమని నా దగ్గరికి రాకర్లు తెస్తుంటారు, నేను ఒప్పుకోను. రాకర్‌ను ఎత్తే క్యామ్ మీద రుద్దుకునే మొహం గట్టిపరిచిన ఉక్కు. వెల్డింగ్ వేడి తగిలితే ఆ గట్టిదనం పోయి క్యామ్‌తో పాటు అరిగిపోతుంది. రంధ్రం పెద్దది చేసి లోపల బుష్ (చిన్న గొట్టం) వేద్దామంటే రంధ్రం చుట్టూ మందం చాలదు.

అలిపిరి బండోడు:
అన్నా, ఇంకొకటి గమనించినా. ఇన్‌లెట్ వైపు నట్టుకు 9 స్పానర్ పడతాంది, ఎగ్జాస్ట్ నట్టుకు 8 పడతాంది. రెండూ ఒకటే ఉండాలి కదా?

లేత్ పని, చిత్తూరు:
దొరికింది దొంగ. అది హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు 5 ఎంఎం నట్టు. దాని మర 0.8 పిచ్, అంటే మరకూ మరకూ మధ్య దూరం 0.8 ఎంఎం. ట్యాపెట్ స్క్రూ కూడా 5 ఎంఎమ్మే, కానీ మర సన్నం, 0.5 పిచ్. అసలు నట్టు పోగొట్టుకొని ఇది బలవంతంగా ఎక్కించినారు. ఒక చుట్టు తిరిగినాక అడ్డం పడి నట్టు మర తెగిపోయింది.

ఇప్పుడు జాగ్రత్త. స్క్రూ మీద నలిగిన మరను అట్లే తిప్పి రాకర్ గుండా లాగినావంటే రాకర్ మర కూడా తెగుతుంది. చుట్టూ గుడ్డ కుక్కి, నలిగిన అంచును సన్న ఆకురాయితో తీసెయ్. రజను తుడిచి, ఆయిల్ చుక్క వేసి, అటూ ఇటూ ఆడిస్తా తియ్యి.

రేణిగుంట సీనియర్:
లేత్ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. సెట్టింగ్ గురించి నాదొక మాట. రాత్రంతా ఆరిన ఇంజను మీదే చెయ్యాల. ఇంజను తిప్పుతా మ్యాగ్నెట్ చక్రం మీది టీ గుర్తును కేసు మీది గీతకు కలిపినాక రెండు రాకర్లూ చేత్తో కొంచెం ఆడాల. ఒకటి బిగుసుగా ఉంటే అది రెండు వాల్వులూ మూసుకునే కంప్రెషన్ కాదు, ఇంకొక చుట్టు తిప్పు. నట్టు బిగించేటప్పుడు స్క్రూ చదరపు తలను కీతో పట్టుకొనే ఉండాల, లేకుంటే నట్టుతో పాటు తిరిగి గ్యాప్ మారిపోతుంది. బిగించినాక గ్యాప్ కొలిచే గేజ్ రేకు మళ్లా పెట్టి చూడు. పొడుగు స్పానర్ వద్దు, అంత చిన్న మర మన బలానికి ఆగదు.

శబ్దం పోవాలని మరీ టైట్ పెట్టొద్దు. ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే సీటుకు ఆనదు, వేడి బయటికి పోక అంచు కాలిపోతుంది. కొంచెం శబ్దం వచ్చే బండి మేలు.

పాకాల పల్సర్:
గ్యాప్ ఒక్కో బండికి ఒక్కో రకం. నా పల్సర్ 150కి ఇన్‌లెట్ 0.05 ఎంఎం, ఎగ్జాస్ట్ 0.10 ఎంఎం. ఇది చూసి నీ బండికి పెట్టేవు, నీ మాన్యువల్ చూసుకో.

అలిపిరి బండోడు:
అయిపాయ అన్నా! స్క్రూ తీసేదానికే గంట పట్టింది. పై నాలుగు మరలు నలిగి వెండి తీగ మాదిరి మెరుస్తాన్నాయి. కొత్త స్క్రూ రాకర్‌లోకి వేళ్లతోనే పోయింది, ఊగలేదు. రాకర్ బతికింది. ఆయిల్ కూడా దించేసినా, డ్రెయిన్ బోల్టు మీద సన్న రజను కనిపించింది. పొద్దున ఘాట్ ఎక్కినా, శబ్దం లేదు. లేత్ అన్నా, నువ్వు ఆ 8 స్పానర్ నట్టు సంగతి విప్పి చెప్పకుంటే రాకర్‌ను నేనే పాడుచేసి ఉందును. ఈ ఆదివారం ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి గేజ్ పెట్టి చూస్తా.