మాజీ ఎండీకి శిక్ష పడితే వాటాదారులకు ఒరిగేదేమన్నా ఉందా?

నల్లగొండ వాసి:
మా బాపు రిటైర్డ్ టీచర్. రిటైర్మెంట్ పైసల్లో కొంత పెట్టి ఒక కంపెనీ షేర్లు కొన్నాడు. లెక్కలు తారుమారు చేశాడని దాని పాత ఎండీ మీద క్రిమినల్ కేసు నడిచింది, వాదనలు అయిపోయాయి, తీర్పు రిజర్వు చేశారు. షేర్ కాగితాలు బీరువాలో పట్టుచీరల కింద ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. పొద్దున లేస్తే పేపర్లో ఆ వార్తే వెతుకుతాడు, వానికి శిక్ష పడితే మన పైసలు మనకొస్తయి అంటాడు. నిజంగా వస్తాయా?

పాలమూరు:
రావన్నా. సత్యం కంప్యూటర్స్ సంగతే చూడండి. 2009 జనవరి 7న లెక్కలు తారుమారు చేశానని ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న లెటర్ బయటపడ్డ రోజే షేరు దాదాపు 179 నుంచి 40 రూపాయలకు పడిపోయింది. తీర్పు 2015 ఏప్రిల్ 9న వచ్చింది, ఏడేళ్ల జైలు. మే నెలలో పైకోర్టు శిక్ష ఆపి బెయిలిచ్చింది. ఇందులో షేరు పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఏం దక్కింది? దక్కిందేదో టెక్ మహీంద్రా ఆ కంపెనీని కొన్నందుకు దక్కింది, 2013లో విలీనమప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు.

మిర్యాలగూడ:
మీరు సగమే చెప్పారు. జరిమానాలోంచి నష్టపోయినవాళ్లకు పరిహారం ఇప్పించే అధికారం క్రిమినల్ కోర్టుకు ఉంది. అమెరికాలో సత్యం షేర్లు కొన్నవాళ్లు కలిసి దావా వేస్తే కంపెనీ 12.5 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది, మన దగ్గర అప్పుడు ఆ దారే లేదు. ఇప్పుడు 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షన్ ఉంది, వందమంది వాటాదారులు కలిస్తే కంపెనీల వివాదాలు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి పోవచ్చు. మోసం జరిగిందని కోర్టు తేల్చితే ఆ పోరాటానికి బలం వస్తుంది, అందుకే తీర్పు కావాలి.

పాలమూరు:
వందమందిని పోగేసేదెవరు? ఒకరు దేవరకొండలో, ఇంకొకరు వనపర్తిలో, లాయర్ ఫీజు మాట ఎత్తితే సగంమంది ఫోనే ఎత్తరు. ముందు ఆ కాగితాలు డీమ్యాట్ చేయించండన్నా, అంటే కాగితం షేర్లను ఎలక్ట్రానిక్ ఖాతాలోకి మార్పించండి. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లు వేరేవాళ్లకు అమ్మడం కుదరదు. ఏడేళ్లు వరసగా డివిడెండ్ తీసుకోకుంటే షేర్లే ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి పోతాయి, మళ్లీ తెచ్చుకోవడానికి వేరే దరఖాస్తు.

నల్లగొండ వాసి:
డీమ్యాట్ పని ఈ వారమే మొదలుపెడతా. పైసల ఆశ వదులుకొమ్మని బాపుకు మెల్లగా చెప్తా కూడా. కానీ వాడు చేసింది తప్పేనని జడ్జి నోట వినాలని ఉంది ఆయనకు, అది కూడా వద్దని నేనెట్ల చెప్పాలి?